సుంకము తగ్గవచ్చును, ప్రమాణము తగ్గరాదు

కార్వేటినగరపు బజారులో నిలిచినవారికి విదేశములతోడి వాణిజ్యపు ఒడంబడికలు దూరపు మాటగా తోచవచ్చును. కాని చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు విదేశములకు పోవుటకు చెన్నై రేవు చేరవలెను. అచ్చటికి దానిని మోయునది లారీ. బేరము పెరిగిన కొలది లారీలును పెరుగును, వాని పొగయు పెరుగును. కావున ఈ ప్రసక్తి మన తోటలకును, మన ఊపిరికిని గూడ సంబంధించినదే.

2025 జులై 24వ తేదీని భారత, బ్రిటిషు ప్రభుత్వములు స్వేచ్ఛా వాణిజ్యపు ఒడంబడికపై సంతకములు చేసినవి. నూటికి నూరు దాటియున్న కార్ల దిగుమతి సుంకము, నియమిత సంఖ్యకు లోబడి, క్రమముగా నూటికి పదికి దిగునట్లు అందు ఏర్పాటు గలదు. మేలైన యంత్రములు వచ్చి గాలి శుభ్రపడునని కొందరు సంతోషించుచున్నారు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. ధనికుడు కొత్త కారు కొన్నంతమాత్రమున పాత డీసిలు లారీ రోడ్డు విడిచి పోదు.

అంతకన్న పెద్ద ప్రమాదము పాత బండ్ల వర్తకమున గలదు. ఉత్తర అమెరికా ఒడంబడిక ననుసరించి 2005లో మెక్సికో పాత కార్లకు తలుపు తెరచెను. 2008 నాటికి అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి 25 లక్షలకు పైగా బండ్లు అచ్చటికి చేరినవి. దీనిని పరిశీలించిన డేవిస్, కాన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు ఒక వింతను కనుగొనిరి. రెండు దేశములందును బండి యొక్కింటికి సగటు పొగ తగ్గెను. అయినను భూమిని వేడెక్కించు వాయువుల మొత్తము పెరిగెను. ఒకచోట మూలబడవలసిన బండి వేరొకచోట మరికొన్ని యేండ్లు తిరుగుటయే దీనికి హేతువు.

మూడేండ్లు మించిన పాత బండి విదేశమునుండి రాకుండ మన దేశమున నిషేధము గలదు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట భారత్ స్టేజి 6 ప్రమాణము అమలునకు వచ్చి, ఇంధనమందలి గంధకము పదిలక్షల పాళ్లలో 50 నుండి 10కి దిగినది. ఈ రెండును మనకు కోటగోడలు. ఏ దేశముతో ఒడంబడిక జరిగినను వీనిని బేరమునకు పెట్టరాదు.

ఇంటిపని మాత్రము మనదే. లారీల పొగ పరీక్ష పత్రము కాగితముగా మిగులక నిజమైన పరీక్ష కావలెను. ఎగుమతి లాభమును పొందు వర్తకులును, తోటల యజమానులును మంచి బండినే కిరాయికి కుదుర్చుకొనవలెను. సుంకము తగ్గించుటలో మనము ఉదారులము కావచ్చును. గాలి విషయమున ఔదార్యము ఆత్మహానియే యగును.