ముల్లు చెప్పే వేగం, చక్రం నడిచే వేగం

యానాం వాస్తవ్యుడైన మిత్రుడొకడు ఉద్యోగరీత్యా పుదుచ్చేరిలో స్థిరపడ్డాడు. ఆ మధ్య నేనక్కడికి వెళ్ళినప్పుడు, ఏంబలంలో తెలిసినవారింట శుభకార్యమంటూ నన్నుకూడా కారులో ఎక్కించుకున్నాడు. బయలుదేరే ముందు కొత్తగా వేయించిన చక్రాలను సగర్వంగా చూపించాడు. "పాతవి చిన్నవండీ. గతుకుల్లో బండి అడుగుభాగం నేలకు తగిలేది. ఇప్పుడు ఎంత హుందాగా ఉందో చూడండి" అన్నాడు.

ఊరు దాటాక బండి వేగం పుంజుకుంది. "కాస్త నెమ్మదిగా పోనీయవోయ్" అన్నాను. "60 దాటలేదండీ, ముల్లు చూడండి" అన్నాడు. ముల్లు 60 మీదనే నిలిచి ఉంది. కాని చెట్లు వెనక్కు పరుగెత్తే తీరు చూస్తే నాకు నమ్మకం కుదరలేదు. ముల్లును అక్కడే నిలపమని చెప్పి, ఒక కిలోమీటరు రాయి నుండి తరువాతి రాయి వరకు చేతి గడియారంతో లెక్కపెట్టాను. 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఆ దూరం దాటడానికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. మాకు పట్టినవి 57. అంటే మా అసలు వేగం 63 కిలోమీటర్లు!

ముల్లు అబద్ధమాడిందా? లేదు. దానికి తెలిసినంతవరకు అది నిజమే చెప్పింది.

స్పీడోమీటరు రోడ్డును చూడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో మాత్రమే గ్రహిస్తుంది. 1902లో జర్మనీ ఇంజనీరు ఓటో షుల్జె పేటెంటు పొందిన పరికరంలో, చక్రంతోపాటు తిరిగే ఒక అయస్కాంతం దగ్గరలోని లోహపు గిన్నెను తనతో లాగుతుంది. సన్నని స్ప్రింగు దానిని వెనక్కు పట్టి ఉంచుతుంది. ఈ రెండింటి పెనుగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే వేగం. నేటి కార్లలో ఆ పనిని విద్యుత్ సంకేతాలు చేస్తున్నాయి. పద్ధతి మారినా లెక్క మారలేదు: చుట్ల సంఖ్యను చక్రపు చుట్టుకొలతతో గుణించడమే. ఆ చుట్టుకొలత ఎంతో కర్మాగారంలోనే నిర్ణయించి ఉంచుతారు.

అడుగులతో పొలం కొలిచేవారిని చూసే ఉంటారు. తండ్రి నూరు అడుగులు, కొడుకు నూరు అడుగులు ఒకటి కావు. మనం చక్రం మార్చినప్పుడు బండి అడుగు కొలత మారుతుంది. లెక్క మాత్రం పాత అడుగుతోనే సాగుతుంది.

మిత్రుని కారు పాత టైరుపై 175/65 ఆర్ 14 అని ఉండేది. 175 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 14 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. రిమ్ముకు పైనా కిందా పక్కగోడలను కలిపితే మొత్తం వ్యాసం 583 మిల్లీమీటర్లు. చుట్టుకొలత సుమారు 1.83 మీటర్లు. కొత్త టైరు 185/65 ఆర్ 15. దాని వ్యాసం 621 పై చిలుకు; చుట్టుకొలత 1.95 మీటర్లు. చుట్టుకు 12 సెంటీమీటర్ల తేడా! ఈ లెక్కన ముల్లు 60 చూపినప్పుడు బండి 64తో పోతూ ఉండాలి. మా గడియారం 63 అన్నదంటే, ముల్లు మొదట కాస్త ఎక్కువ చూపుతూ ఉండేదన్నమాట.

అలా చూపించడం తప్పు కాదు, జాగ్రత్త. వేగమాపకాలపై ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన వెలువడిన 39వ నిబంధన ప్రకారం, ముల్లు చూపే వేగం అసలు వేగం కంటే ఎన్నడూ తక్కువ కారాదు. ఎక్కువ కావచ్చు, అయితే అసలు వేగంలో పదో వంతుకు 4 కిలోమీటర్లు కలిపినంత వరకే. తయారీదారు ఉంచిన ఆ జాగ్రత్తను మిత్రుని కొత్త చక్రాలు మింగివేయడమే కాక, ఇంకా ముందుకు పోయాయి.

మూడు కిలోమీటర్లే కదా అనుకోరాదు. వేగం 5 శాతం పెరిగితే, బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరం 10 శాతం పెరుగుతుంది. 20 మీటర్లలో ఆగవలసిన బండి 22 మీటర్లకు గాని ఆగదు. బడి వదిలిన వేళ రోడ్డు దాటే పసివానికి ఆ రెండు మీటర్లే ప్రాణం.

చిన్న టైర్లు వేస్తే ఇది తలకిందులవుతుంది. ముల్లు ఎక్కువ వేగం చూపుతుంది. తిరగని కిలోమీటర్లు కూడా లెక్కలో చేరి, పెట్రోలు ఆదా అవుతున్నదన్న భ్రమ కలుగుతుంది. వాడకంలో అరిగిన టైరు కూడా కొంత చిన్నదే: 8 మిల్లీమీటర్ల గాడి 1.6కు అరిగేసరికి ఇలాంటి చక్రపు వ్యాసం 2 శాతం పైగా తగ్గుతుంది.

పెద్ద రిమ్ము వేయదలచినవారు పక్కగోడ ఎత్తు తగ్గించుకుంటే చిక్కు లేదు. ఈ కారుకే 185/55 ఆర్ 15 వేస్తే వ్యాసం 584.5 మిల్లీమీటర్లు, పాతదానితో తేడా దాదాపు లేనట్లే. అయినా తయారీదారు పుస్తకం ఆ సైజును అనుమతిస్తున్నదో లేదో చూచుకోవాలి. టైరు మార్చిన నాడే, పక్కన మరొకరిని కూర్చోబెట్టుకొని, కిలోమీటరు రాళ్ళ నడుమ కాలం లెక్కించండి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే అసలు వేగం వస్తుంది. చక్రాలతో నిమిత్తం లేకుండా ఉపగ్రహాల సంకేతాలతో వేగం చెప్పే సెల్ ఫోనుతోనైనా సరిచూడవచ్చు.

తిరుగు ప్రయాణంలో మిత్రుడు ముల్లును 57 దాటనీయలేదు. ఆ నెలలోనే సరైన సైజు టైర్లు వేయించినట్లు ఉత్తరం వ్రాశాడు. "బండి హుందా తగ్గిందండీ, నా ధీమా పెరిగింది" అన్నది అందులోని చివరి వాక్యం.