తాళపుచెవి యెవరి చేతిలో నుండవలెను?

మా పట్టణమున పేరొందిన న్యాయవాది యొకరు గడచిన మాసమున మా కార్యాలయమునకు వచ్చి, ఒక యట్టపెట్టెను మా బల్లపై నుంచి, "దీనిమీది వ్రాతను చదివి, నేను మోసపోయితినో, నా తెలివియే తక్కువయో మీరే చెప్పుడు" అనిరి. మోడెమును రౌటరును ఒక్క యంత్రముననే యిమిడియున్నవనియు, వి.పి.యన్. సదుపాయము కలదనియు దానిపై పెద్ద యక్షరములతో నచ్చువేసియున్నది. ఆయన కోరినది స్వల్పమే. వ్యాజ్యముల కాగితములను ఇంటి కంప్యూటరున భద్రపఱచుకొని, కోర్టుకు బోయినప్పుడును, హైకోర్టు పనిమీద అమరావతికి వెళ్లినప్పుడును, పరుల కంటబడకుండ వానిని తెఱచి చూచుకొనవలెనని. నాలుగువేల యైదువందల రూపాయలు పోసి యా యంత్రమును కొనిరి. ఇంటికి దెచ్చి చూడగా, అందలి మోడెము టెలిఫోను రాగితీగకు పనికివచ్చునది. ఆయన యింటికి ఫైబరు తీగ వచ్చి రెండేండ్లైనది. ఇక వి.పి.యన్. సదుపాయమో, ఇంటిలోని కంప్యూటరు బయటి వి.పి.యన్.తో తనంతట తాను మాటలాడదలచినచో ఆ యంత్రము అడ్డుపడదట, అంతమాత్రమే. ద్వారపాలకుడు లోపలివారిని బయటికి బోనిచ్చును. యజమాని తిరిగివచ్చి తలుపు తట్టినచో తీయడు.

దీనిని మోసమనుటకు చట్టము చాలదని ఆయనకే బాగుగా తెలియును. అట్టమీది ప్రతి మాటయు నిజమే. ఇట్టి నిజములు పచ్చి యబద్ధములకంటె నెక్కువ సొమ్మును ప్రజలయొద్దనుండి లాగుచున్నవి. పఠనమందిరమున నీ ప్రసంగము వచ్చినప్పుడు తమకును అట్టి యనుభవమే కలిగినదని మఱి ముగ్గురు మిత్రులు చెప్పిరి. కావున నీ విషయమై మాకు తోచినదానిని కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

మోడెము ఒక దుబాసి. బయటి తీగలో వచ్చు సంకేతములను ఇంటి యంత్రములకు తెలియు భాషలోనికి మార్చును. రౌటరు తపాలా బంట్రోతు. కంప్యూటరునకు వచ్చినది కంప్యూటరునకు, చేతిఫోనునకు వచ్చినది చేతిఫోనునకు పంచిపెట్టును. ఈ రెండుద్యోగములును వేఱు. 2005 జనవరిలో భారత సంచార్ నిగమ్ వారు టెలిఫోను తీగలపై బ్రాడ్‌బ్యాండును ప్రారంభించిన దినములలో, 256 కిలోబిట్ల వేగమే గొప్పయని మనము మురిసిన కాలమున, ఈ రెండింటిని ఒక్క పెట్టెలో నిమిడ్చి యిచ్చుట మిక్కిలి సౌకర్యముగా నుండెను. కాలము మాఱినది గాని ఆ యలవాటు మనలను వదలలేదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టు 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవిందుగారిచే ప్రారంభింపబడి, కరెంటు స్తంభముల మీదుగా తీగ దెచ్చి నెలకు 149 రూపాయలకే యిత్తుమన్నప్పుడు, చిన్న యూళ్లవారికిని ఫైబరు పరిచయమైనది. ఈ తీగలో వచ్చునది వెలుతురు. దానిని విద్యుత్సంకేతముగా మార్చు ఓ.ఎన్.టి. యను పెట్టెను కంపెనీవారే తెచ్చి, తమ కేంద్రమున నమోదుచేసి, గోడకు తగిలించి పోవుదురు. అట్టి యింటివారు "ఇందులో మోడెము కూడ నున్నది" అని విని హెచ్చు వెల నిచ్చుట దండుగ. రాగితీగయే యింకను నున్నవారికి మాత్రము జంటయంత్రము తగును. వారును తమది ఏ.డి.యస్.ఎల్. తీగయో, వి.డి.యస్.ఎల్. తీగయో కంపెనీవారి నడిగి తెలిసికొని కొనవలెను.

కంపెనీవారు పెట్టె నూరకయే యిచ్చుచుండగా మఱియొకటి యేల యని అడుగువారు పెక్కురు. మా సమాధానమిది. ఆ పెట్టె మన గోడమీద నున్నను, మన కరెంటు త్రాగుచున్నను, దాని తాళపుచెవి కంపెనీవారి యొద్ద నున్నది. టి.ఆర్.-069 అను నొక కట్టుబాటు 2004 నుండి వాడుకలో నున్నది. దాని సాయమున కంపెనీవారు తమ కార్యాలయమున గూర్చుండియే మన పెట్టెలోని యమరికలను మార్పగలరు. చెడినప్పుడు మనిషి రాకయే బాగుపడుట మేలే, కాదనము. కాని గృహస్థు తాను చేసికొన్న యమరిక రేపటికి నిలుచునో లేదో తెలియని చోట, ఇంటి రహస్యములను దానికి అప్పగించుట యెట్లు? అప్రమత్తత లేని పెట్టెల గతి యేమగునో 2017 జూలైలో మన దేశమే చూచినది. కొన్నవాడును అమ్మినవాడును 'అడ్మిన్' అను సంకేతపదమును మార్పక వదలిన మోడెములు సుమారు 60,000 ఒక దుష్ట ప్రోగ్రామువలన చెడిపోయెను. మఱుసటి యేడు మే నెలలో వి.పి.యన్.ఫిల్టర్ అను మఱియొకటి 54 దేశములలో ఐదు లక్షలకు తక్కువగాని రౌటర్లలోనికి చొచ్చినట్లు బయటపడినది. అమెరికా ప్రభుత్వపు నేరపరిశోధక శాఖవారు రౌటర్లను ఒకసారి ఆర్పి వెలిగింపుడని ప్రజలను కోరవలసివచ్చెను. పేరులో వి.పి.యన్. ఉన్నను అది రక్షణకు వచ్చినది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

వి.పి.యన్. అనగానేమి? సాధారణముగ మనము పంపునది కార్డుముక్కవలె పోవును. నేడు బ్యాంకులు మొదలగువారి ఉత్తరములు కవరులోనే పోవుచున్నను, కవరుమీది చిరునామా దారిలోని వారందఱికిని కనబడుచునే యుండును. వి.పి.యన్. ఆ కవర్లన్నింటిని లక్కముద్ర వేసిన సంచిలో నుంచి, సంచిని ఒకే చోటికి పంపును. సంచి యెచ్చట తెఱవబడుననునదే అసలు ప్రశ్న. అట్టపైని అచ్చు ఆ ప్రశ్నకు బదులు చెప్పదు. ఆ యొక్క మాటకు మూడర్థములు చెలామణిలో నున్నవి. సంచిని అడ్డగింపక పోనిచ్చుట పాస్‌త్రూ. మా న్యాయవాదిగారికి దొరికినది యిదియే. ఇది దాదాపు ప్రతి రౌటరులోను ఉన్నదే గనుక దీనిని గొప్పగా నచ్చువేయుట హాస్యాస్పదము. ఇంటివారందఱి సంచులను రౌటరే కట్టి బయటి వి.పి.యన్. వారికి పంపుట క్లయింటు. మన మెక్కడనో యుండి పంపిన సంచిని రౌటరు మన యింటనే తెఱచి, మనలను లోనికి రానిచ్చుట సర్వరు. ఊరనున్న తలిదండ్రుల యింటి కెమెరాను హైదరాబాదు నుండియో, అమెరికా నుండియో చూచుకొనదలచిన కుమారునికి గాని, కాగితములు గల న్యాయవాదికి గాని, లెక్కలు గల వర్తకునికి గాని కావలసినది మూడవది. అది లేనందున పలువురు కెమెరాకు నేరుగా వీథి తలుపు తెఱచిపెట్టుచున్నారు. ఆ తలుపున కుమారుడే కాదు, లోకమంతయు తొంగిచూడవచ్చును.

సర్వరు ఉన్నదన్న మాటతోను తృప్తిపడరాదు. ఏ పద్ధతి సర్వరు? పి.పి.టి.పి. అనునది పాతది, దాని సంకేతమును ఒక్క దినములో ఛేదింపవచ్చునని 2012లోనే బహిరంగముగా చూపబడెను. అయినను తక్కువ వెల యంత్రములలో నదియే వి.పి.యన్. అను బిరుదుతో నేటికిని కనబడుచున్నది. 2001లో పుట్టిన ఓపెన్ వి.పి.యన్. నమ్మదగినదే గాని, చౌకరౌటరు నందలి చిన్న ప్రాసెసరునకు పెద్ద బరువు, వేగము పలుచబడును. మా యభిప్రాయమున నేడు గృహస్థు కోరదగినది వైర్‌గార్డు. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అను నతడు దీనిని సుమారు 4,000 పంక్తులలో వ్రాసెను. 2020 మార్చిలో ఇది లినక్సు 5.6లో చేర్చబడెను. ఇందు సంకేతపదము లేదు. రౌటరు నొద్ద నొక తాళపుచెవి, మన ఫోనునొద్ద నొక తాళపుచెవి. ఫోను పోయినచో దాని చెవిని మాత్రము రద్దుచేసిన చాలును. తక్కినవారికి బాధ లేదు.

ఇంతవఱకు సరియైనను మఱియొక చిక్కు కలదు. దీనిని అంగడివారు చెప్పరు, కంపెనీవారు అసలే చెప్పరు. పాతపద్ధతి ఇంటర్నెట్టు చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లు. వానిని పంచు సంస్థ యొద్ద మిగిలిన గుత్తులు 2011 ఫిబ్రవరి 3వ తేదీతో తీఱిపోయెను. అందుచేత కంపెనీలు పెక్కు యిండ్లకు కలిపి ఒక్క చిరునామాను వాడుచున్నవి. ఒకే తపాలా నంబరు గల మేడలో వందమంది బాడుగకున్నట్లు ఊహింపుడు. లోపలినుండి జాబు వ్రాయవచ్చును. బయటివాడు ఫలానా గదికి జాబు వ్రాయలేడు. ఇట్టి యింట నెంత మంచి వి.పి.యన్. సర్వరు నుంచినను తలుపు తట్టు చప్పుడు దానికి చేరదు. పరీక్ష సులభము. రౌటరు పుటలో బయటి చిరునామా 100తో మొదలై, రెండవ సంఖ్య 64కును 127కును నడుమ నున్నచో మీరు మేడలోని బాడుగవారు. అప్పుడు కంపెనీవారిని స్థిరమైన పబ్లిక్ చిరునామా నడుగవలెను. అదనపు రుసుము పుచ్చుకొని యిచ్చువారున్నారు. కొత్తపద్ధతి యగు ఐ.పి.వి.6 చిరునామాలకు కొఱత లేదు గాని, మనమున్న చోటను అది యుండవలెను. ఆ మార్గమున వచ్చు పిలుపును కంపెనీ పెట్టె అడ్డగింపక యుండవలెను. రౌటరు కొనుటకు ముందే యీ విచారణ చేయుట మేలు. మా న్యాయవాదిగారు తరువాత చేసిరి.

కొందఱు వి.పి.యన్. అనగా నెలకింత యని చందా గట్టి విదేశపు కంపెనీ నాశ్రయించుటయే యనుకొనుచున్నారు. దానివలన మనము అదృశ్యులమగుదుమను ప్రకటనలు చూచి మోసపోవలదు. ఇచ్చటి కంపెనీ చూచుచుండినదానిని అచ్చటి కంపెనీ చూచును. నమ్మకము చేతులు మాఱినదే గాని అక్కఱ తీఱలేదు. 2022 ఏప్రిలు 28న సర్ట్-ఇన్ వారు, ప్రజలకు వి.పి.యన్. సేవ నమ్మువారు తమ చందాదారుల వివరములను ఐదేండ్లు భద్రపఱుపవలెనని యుత్తరువు చేసిరి. దానికి సమ్మతింపక నార్డ్, ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్ వి.పి.యన్.లు ఆ సంవత్సరమే ఈ దేశమునుండి తమ సర్వర్లను తొలగించెను. పౌరుల గోప్యతను గూర్చి ఆ యుత్తరువుపై వాదింపదగినది చాల కలదు, మఱియొకప్పుడు వ్రాయుదుము. ఇచ్చట గమనింపదగినది, తన యింటికి తానే వేసికొన్న సొరంగమునకు అమ్మువాడు లేడు, చందాదారుడు లేడు. రౌటరు క్లయింటుగా ఇంటి రాకపోకలన్నింటిని విదేశమునకు మళ్లించినచో బ్యాంకువారు అనుమానపడుటయు, టెలివిజను చిత్రములు రాకపోవుటయు వేఱొక బాధ.

కావున ఫైబరు గల గృహస్థునకు మేము చెప్పునది, జంటయంత్రము వలదని. కంపెనీ ఓ.ఎన్.టి.ని బ్రిడ్జి పద్ధతిలో నుంచుడని కోరి, దానిని కేవలము దుబాసిగా మిగిల్చి, వైర్‌గార్డు సర్వరు గల వేఱు రౌటరును స్వంతముగా కొని దాని వెనుక నుంచవలెను. దానికి ఎన్నేండ్లు సవరణలు పంపుదురో తయారుచేసినవారు వ్రాసియున్నారా యని చూడవలెను. తళుకు కొమ్ములవలె నిలిచిన యాంటెనాల సంఖ్యను గాదు. రెండు పెట్టెలకు రెండు ప్లగ్గులు, కరెంటు పోయినప్పుడు రెండింటికిని బాధ యని యిల్లాండ్రు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణ సబబే. పండ్రెండు వోల్టుల చిన్న యూ.పి.యస్. ఒకటి యా కొఱత తీర్చును. ల్యాండు ఫోను ఓ.ఎన్.టి.కే తగిలించియున్నచో, బ్రిడ్జి మార్పునకు ముందు అది ఆగిపోదని కంపెనీవారిచేత చెప్పించుకొనవలెను. రాగితీగవారికి మాత్రమొక హెచ్చరిక. ఏ.డి.యస్.ఎల్. తీగ యింటినుండి బయటికి పంపు వేగము బహు స్వల్పము. దూరమునుండి మనము చూచునది ఆ వేగముననే రావలెను గనుక, సర్వరు మంచిదైనను కెమెరా బొమ్మ నత్తనడక నడచును.

బ్రిడ్జి పద్ధతి నడిగినచో, మా నియమములొప్పవని కసరుకొను కంపెనీ యుద్యోగులున్నారు. జర్మనీలో 2016 ఆగస్టు 1వ తేదీ నుండి తన యింట తన స్వంత యంత్రమును తగిలించుకొను హక్కు చందాదారునికి చట్టముచేత సంక్రమించినది. కంపెనీ యధికారము గోడలోని కొనవద్ద ముగియును. ఇంగ్లండున 2024 ఏప్రిలు 29 నుండి అన్ని యంత్రములకు నొకే సంకేతపదము పెట్టి యమ్ముట నిషిద్ధము. సవరణ లెంతకాలము పంపుదురో ముందుగా ప్రకటింపవలెను. మన దేశపు ట్రాయ్ వారు నీ రెండింటిని స్పష్టమైన నియమములుగా తెచ్చుట కేమి యడ్డంకి? వానికి తోడు, అట్టపై వి.పి.యన్. అని యచ్చువేయువాడు పాస్‌త్రూయో, క్లయింటో, సర్వరో అదే పరిమాణపు టక్షరములతో అచ్చువేయవలెనని నిర్బంధింపవలెను. ఇది సర్కారునకు కానీ ఖర్చు లేని పని.

మా న్యాయవాదిగారు వేఱు రౌటరు కొనిరి. మూడుసార్లు ఫోనుచేసిన పిమ్మట కంపెనీవారు బ్రిడ్జి పద్ధతికి ఒప్పుకొనిరి. స్థిర చిరునామాకు రుసుము పుచ్చుకొనిరి. పోయిన వారము అమరావతి కోర్టు ఆవరణలో, వాయిదా పిలుపునకు ముందు, ఇంటిలోని దస్తావేజునొకదానిని ఆయన ఫోనున తెఱచి చూచుకొనిరట. మొదటి యంత్రమును అంగడివారు తిరిగి తీసికొనుటకు నిరాకరించిరి. ఆ యట్టపెట్టె యింకను మా బల్లపైననే యున్నది.