విమానపు దూరము - ఇంటి దూరము

శాన్ ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరునకు ఆకాశమార్గమున సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరి 9వ తేదీ శనివారము రాత్రి అచ్చట బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము ఎచ్చటను ఆగక, ఉత్తరధ్రువము మీదుగా వచ్చి, సోమవారము తెల్లవారకమునుపే దేవనహళ్లిలో దిగినది. విమానచోదకులందరును మహిళలే. క్యాలెండరులో రెండు తేదీలు మారినను ప్రయాణమునకు పట్టినది సుమారు పదిహేడు గంటలే. శీతకాలమున ఆ నగరమునకును మనకును పదమూడున్నర గంటల అంతరముండుటయే ఇందులకు కారణము.

ఇది గొప్ప సాధనమే. కాని మన కుటుంబములవారు ఈ అంకెను నమ్ముకొని ఇంటి కార్యములు నిర్ణయించుకొనుట యుక్తము కాదని మా అభిప్రాయము.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట మన పిల్లలలో పలువురు మారికుప్పము రైలులో బెంగుళూరునకును, కొందరు సముద్రములు దాటియు బ్రతుకుతెరువు వెదకుకొనిరి. నేడు ఊరిగాములోగాని, రాబర్ట్‌సన్‌పేటలోగాని ఒక పెద్దదిక్కు మంచము పట్టినచో మొదట పుట్టు ప్రశ్న, "అబ్బాయి ఎన్ని గంటలలో రాగలడు?" అనునదే. చివరిచూపు దక్కుటయు, దహనసంస్కారమునకు ఎంతవరకు ఆగవలెననుటయు ఆ జవాబుపైననే ఆధారపడియున్నవి.

కావున లెక్క సరిగా వేయవలెను. అచ్చటి యిల్లు విడిచి విమానమెక్కువరకు నాలుగైదు గంటలు, ఆకాశమున పదిహేడు, దిగిన తరువాత పాస్‌పోర్టు తనిఖీకి, సామానులకు ఒకటిన్నర, దేవనహళ్లి నుండి మన గనులకు రోడ్డుమీద రెండున్నర మూడు. వెరసి ఇరువదియైదు గంటలు దాటుచున్నది. నడుమ వేరొక విమానము మారవలసివచ్చినచో మరికొన్ని గంటలు చేర్చవలెను. ఎత్తున పడమటినుండి తూర్పునకు వీచు గాలులనుబట్టియు కాలము హెచ్చుతగ్గులగును. దూరము మారదు, వేళ మారును.

ఇందు మనము తగ్గించుకొనగల భాగము చివరిదే. అదే 2021 జనవరిలో విమానాశ్రయమునకు కొలది కిలోమీటర్లలో ఒక రైలు హాల్టు తెరచిరి. ఆ రైలుమార్గము పరాయిది కాదు. చిక్కబళ్లాపురము, శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురము, కోలారుల మీదుగా మన బంగారుపేటకు వచ్చు పట్టాలే అవి. ఒకప్పుడు చిన్నబండి నడచిన కోలారు-చిక్కబళ్లాపురము దారి 2013లో బ్రాడ్‌గేజి అయినది. పట్టాలున్నంతమాత్రమున చాలదు. విమానములు దిగు వేళలకు, మారికుప్పము బండ్ల వేళలకు పొత్తు కుదిరినప్పుడే అది మనకు దారి యగును. ఈ విషయమున మన సంఘములు, కన్నడ, తమిళ సోదరుల సంఘములతో కలిసి, రైల్వేవారికి విన్నపము పంపుట అవసరమని తలచుచున్నాము. అవసరము అందరిదియు నొకటే.

అంతవరకు ప్రతి కుటుంబమును రెండు పనులు చేయవలెను. దూరదేశమున నున్నవారి పాస్‌పోర్టు, వీసా గడువులు ముందుగా చూచుకొనవలెను. ఇచ్చటివారు విమానము దిగు వేళను గాక, గడప తొక్కు వేళను లెక్కించి బంధువులకు తెలుపవలెను. మూడు కిలోమీటర్లకు పైగా భూగర్భమునకు దిగి, షిఫ్టు వేళ తప్పక ఇల్లు చేరిన పెద్దల సంతతివారము మనము. వేళ విలువ మనకొకరు చెప్పవలసిన పని లేదు.