విండ్‌హెల్మ్ వీధిలో మన పిల్లలు



ఈ నెల మన గ్రూపులో ఒక చెల్లి అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. పేరు వద్దంది, కాబట్టి చెప్పను. “అక్కా, మావాడికి 17 నిండాయి. సెలవులొస్తే చాలు, స్కైరిమ్ అని ఒక వీడియో గేమ్ పెట్టుకుని కూర్చుంటాడు. పాతదేనట, అయినా వదలడు. ఇప్పుడు దానికేవో ఎక్స్‌పాన్షన్లు కావాలంటున్నాడు. కొనివ్వాలా? అసలు అందులో ఏముంది? అడిగితే ‘నీకర్థం కాదులే అమ్మా’ అంటాడు.”

మా అమ్మాయి కూడా అదే ఆడుతుంది. దానికీ 17. పక్కన కూర్చుని చూసిందీ, దాన్నడిగి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

స్కైరిమ్ 2011 నవంబర్ 11న వచ్చింది. చేసింది బెథెస్డా గేమ్ స్టూడియోస్. ‘ఎల్డర్ స్క్రోల్స్’ అనే వరసలో ఇది అయిదోది. మొదటిది 1994లోనే వచ్చింది. కథ చెప్పాలంటే చందమామలో చదివినట్టే ఉంటుంది: మంచు దేశం, కోటలు, మంత్రాలు, చచ్చిపోయాయనుకున్న డ్రాగన్లు తిరిగి రావడం. తేడా ఏంటంటే, ఇందులో కథ మనల్ని చెయ్యిపట్టి తీసుకెళ్ళదు. ఆ దేశమంతా తెరిచే ఉంటుంది. డ్రాగన్ల సంగతి పక్కన పెట్టి కొండలెక్కొచ్చు, కట్టెలు కొట్టి అమ్ముకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు. అందుకే ఇన్నేళ్ళయినా పిల్లలకి విసుగు రాదు.

ముందు తల్లులకి పనికొచ్చే మాటలు చెప్పేస్తాను. అమెరికాలో దీని మీద ‘ఎం’ గుర్తు ఉంటుంది, అంటే 17 దాటినవాళ్ళకి అని. నరకడాలు, రక్తం, తాగుడు ఉన్నాయి. చిన్నపిల్లలకి వద్దు. ఇంకో దేశంలో ఉంటే అక్కడి వయసు గుర్తు చూసుకోండి. రెండో సంగతి, ఇది ఒక్కరే ఆడే గేమ్. ముక్కూమొహం తెలియనివాళ్ళు లోపలికొచ్చి మన పిల్లలతో మాట్లాడే ఏర్పాటు ఇందులో లేదు. (2014లో వచ్చిన ‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’ వేరు. పేరు చూసి కంగారు పడొద్దు, కలిపేసుకోవద్దు.) మూడోది మీకందరికీ నచ్చుతుంది. మెనూ తెరిస్తే గేమ్ ఆగిపోతుంది, దాదాపు ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. కాబట్టి అన్నానికి పిలిస్తే “ఇప్పుడు ఆపడం కుదరదమ్మా” అనే మాట ఈ గేమ్‌కి చెల్లదు!

ఇక ఎక్స్‌పాన్షన్లు. అంటే అసలు గేమ్‌కి తర్వాత కలిపే కొత్త కథలు, కొత్త ఊళ్ళు. స్కైరిమ్‌కి మూడే. 2012లో మూడూ వచ్చేశాయి: డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్, డ్రాగన్‌బార్న్. 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో ఈ మూడూ కలిపే ఉన్నాయి. చెల్లీ, మీవాడి దగ్గరున్నది ఏదో ముందు చూడు. స్పెషల్ ఎడిషన్ అయితే విడిగా కొనాల్సిందేమీ లేదు. 2021లో వచ్చిన యానివర్సరీ ఎడిషన్‌లో అదనపు ఆయుధాలు, కవచాలు, ఇళ్ళు, చిన్న చిన్న కథలు ఉన్నాయి. అవి లేకపోయినా గేమ్‌కి లోటు లేదు.

ఈ మూడింట్లో ఏముందో కూడా చెప్తాను, ఎందుకంటే మావాళ్ళు కత్తులు పట్టుకుని కొట్టుకుంటున్నారని మాత్రమే మనకి కనబడుతుంది.

డాన్‌గార్డ్ పైకి రక్తపిశాచాల కథ. లోపల చూస్తే ఒక ఇంటి గొడవ. తండ్రి పిచ్చి పట్టుదల నుంచి కాపాడాలని తల్లి కూతుర్ని భూమి కింద సమాధిలో దాచేస్తుంది, ఎన్నో తరాల పాటు. సెరానా అనే ఆ కూతురు బయటికొచ్చాక తల్లిని వెతుక్కుంటూ వెళ్ళి నిలదీస్తుంది. నా మంచికే అన్నావు, నన్నొక్కసారైనా అడిగావా అని! ఆ చోట మా అమ్మాయి నావైపు ఓ చూపు చూసింది. నేను కాఫీ తాగుతున్నట్టు ఉండిపోయాను.

హార్త్‌ఫైర్ ఇల్లు కట్టుకోవడం గురించి. మూడు చోట్ల స్థలాలుంటాయి, ఒక్కోటి 5,000 బంగారు నాణేలు. ఆ ప్రాంతం ఏలే జార్ల్ దగ్గర మంచిపేరు తెచ్చుకుంటేనే అమ్ముతారు. కలప, రాయి, బంకమట్టి తెచ్చుకోవాలి, ఇనుప మేకులు కూడా మనమే చేసుకోవాలి. ఇల్లయ్యాక ఇద్దరు పిల్లల్ని పెంచుకోవచ్చు. వైట్‌రన్ ఊళ్ళో లూసియా అనే పిల్ల అడుక్కుంటూ కనిపిస్తుంది. తల్లి పోతే పిన్నీబాబాయిలు పొలం లాక్కుని తరిమేశారు. మన సినిమా కథేగా! ఇంటికి తెచ్చుకున్నాక ఆ పిల్ల ‘అమ్మా’ అని పిలుస్తుంది, బహుమతులు అడుగుతుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న చోటికొస్తాను. ఆ దేశంలో విండ్‌హెల్మ్ అని పాత రాతి నగరం ఒకటుంది. అక్కడి స్థానికులు నోర్డులు. ఆ నగరంలోనే ఒక మూల గ్రే క్వార్టర్ అని ఇరుకు సందులు. అందులో డన్మర్ అనే బూడిదరంగు చర్మం వాళ్ళుంటారు. వాళ్ళ దేశంలో రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం పేలితే ఇటు వలస వచ్చారు. అక్కడ వాళ్ళు పెట్టుకున్న సారాకొట్టు పేరు ‘న్యూ గ్నిసిస్’. గ్నిసిస్ వాళ్ళు వదిలొచ్చిన ఊరు. ఎక్కడికెళ్ళినా సొంతూరి పేరు బోర్డు మీద రాసుకోవడం మనకి తెలియనిదా?

బల్లి రూపంలో ఉండే ఆర్గోనియన్లకి ఆ పాటి చోటు కూడా లేదు. ఓడరేవులో మూటలు మోస్తారు, గోడ బయటే పడుకుంటారు, కూలి తక్కువ. పిల్లి మొహం ఖజీట్లు సరుకులమ్ముకుంటూ ఊరూరా తిరుగుతారు, కానీ కోట గుమ్మం దాటనివ్వరు. డేరాలు బయటే. గల్ఫ్‌లో ఉన్న చెల్లెళ్ళకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

మన ఆటగాడు మొదటిసారి విండ్‌హెల్మ్ గుమ్మంలో అడుగుపెట్టగానే ఇద్దరు నోర్డ్ మగాళ్ళు ఒక డన్మర్ ఆవిడని పట్టుకుని నోటికొచ్చినట్టు తిడుతూ ఉంటారు. వాళ్ళు వెళ్ళాక ఆవిడ మనవైపు తిరిగి, నీకూ మేమంటే అసహ్యమేనా అని అడుగుతుంది. జవాబు ఆడేవాళ్ళే ఎంచుకోవాలి.

“ఏం చెప్పావు?” అని మా అమ్మాయిని అడిగాను.

“అసహ్యం లేదని చెప్పా. తర్వాత ఆ తిట్టినవాణ్ణి కొట్టా. రోల్ఫ్ అని వాడి పేరు. 100 నాణేలు పందెం కట్టి మరీ కొట్టొచ్చు వాణ్ణి.”

కాసేపాగి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, “స్కూల్ బస్‌లో అయితే కొట్టలేం కదా,” అంది.

బస్‌లో ఏమైందని అడిగాను. అది ఎక్కగానే ఒకడు ముక్కు మూసుకుంటాడట, పక్కవాళ్ళు నవ్వుతారట. మూడు నెలల నుంచి. ఇంట్లో ఒక్కముక్క చెప్పలేదు. ఆ వారమే మేమిద్దరం స్కూల్‌కి వెళ్ళి మాట్లాడాం. వాడి సీటు ముందుకి మార్చారు. ఎగతాళి పూర్తిగా ఆగిందని చెప్పలేను గానీ, ఇప్పుడు ఏ రోజు ఏం జరిగిందో మాకు చెప్తోంది.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఆ మాట వచ్చేది కాదు. మనం మాత్రం మన అమ్మలకి గుట్టు మాటలు ఎప్పుడు చెప్పాం? చిక్కుడుకాయలు ఒలుస్తూనో, జడ వేయించుకుంటూనో. జడ వేసేటప్పుడు అమ్మ మొహం కనబడదు కదా, అందుకే నోరు పెగిలేది. మన పిల్లలకి ఇప్పుడు ఆ తెర అలాంటిది.

మూడో ఎక్స్‌పాన్షన్ డ్రాగన్‌బార్న్ సంగతి మిగిలింది. అదే విండ్‌హెల్మ్ రేవులో ఓడెక్కి సోల్స్‌థైమ్ అనే ద్వీపానికి వెళ్తాం. దిగింది రేవెన్ రాక్ అనే ఊళ్ళో. బూడిద కురుస్తూ ఉంటుంది, సముద్రం అవతల ఆ అగ్నిపర్వతం పొగ కక్కుతూ కనిపిస్తుంది. ఇక్కడ ఊరు డన్మర్లది, పెత్తనం వాళ్ళది. రేవులో దిగీదిగగానే ఒక అధికారి అడ్డం నిలబడి, ఇది మా గడ్డ, నువ్వెందుకొచ్చావు అని అడుగుతాడు. విండ్‌హెల్మ్‌లో ఎవరిని పరాయివాళ్ళన్నారో వాళ్ళే ఇక్కడ మనల్ని పరాయివాళ్ళంటారు. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కిటికీ ముందు నిలబడ్డ ఎవరికైనా ఆ రెండు నిమిషాలు తెలుసు. రెండు చోట్లా నిలబడి చూసిన పిల్లలకి, మన ఇళ్ళల్లో పనికొచ్చినవాళ్ళ గురించి, వేరే దేశం నుంచి వచ్చిన పక్కింటివాళ్ళ గురించి మనం అనే మాటలు కూడా చెవిన పడతాయి. అది కూడా గుర్తుంచుకోవాలి.

కాబట్టి చెల్లీ, నీ ప్రశ్నకి నా జవాబు. డబ్బు విషయం పైన చెప్పాను. టైము మీ ఇంటి పద్ధతిని బట్టి పెట్టుకో, చదువూ నిద్రా చెడకుండా. కానీ వారంలో ఒక గంట వాడి పక్కన కూర్చో. ఎన్ని గంటలాడావు అని కాకుండా, విండ్‌హెల్మ్‌లో ఆ డన్మర్ ఆవిడకి ఏం చెప్పావురా అని అడుగు. ‘నీకర్థం కాదులే’ అన్నవాడు నీకా పేరెలా తెలుసని ముందు నోరెళ్ళబెడతాడు. తర్వాత ఏం చెప్తాడో విను. మధ్యలో నీతులు చెప్పకు, లేచి వెళ్ళిపోతాడు.

ఏం చెప్పాడో వీలైతే గ్రూపులో రాయి, లేదా నాకొక్కదానికే రాయి. వచ్చే నెల ఇంకో ప్రశ్న ఉంది: ఊరి నుంచి వచ్చిన అత్తమామలు ఆర్నెల్లు ఇంట్లో ఒక్కళ్ళే పగలంతా ఎలా గడుపుతారు? మీ ఇళ్ళల్లో ఏం చేశారో ఈలోగా పంపండి.