మా కాళ్లను పూర్తిగా చూడండి!

సింగరేణి గనుల పక్కన, రామగిరి మండలంలో ఉంటాం మేము. తెల్లారకముందే రోడ్లూడ్చే కాంట్రాక్టు కార్మికురాలు, బట్టల షాపులో పొద్దంతా నిలబడే అమ్మాయి, నాట్లకు పోయే కూలీ - వీళ్ల పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి తేలిన నరాలు మాకు కొత్త కాదు. "ముగ్గుర్ని కన్నావు కదమ్మా, మామూలే" అని దవాఖానలో తేల్చేస్తారు.

కాన్పులు కారణమే. గంటల తరబడి నిలబడడమూ కారణమే. మొదటిది అడుగుతారు, రెండోది అడగరు. అడిగితే తప్పు మన ఒంటి మీంచి యజమాని మీదికి పోతుంది!

నేను చూపించుకున్న చోట స్టూలు మీద కూర్చోబెట్టి, కుచ్చిళ్ల కింద చీలమండ వైపు ఒక్క చూపు చూసి మలాం రాశారు. ఇది పరీక్షా? వెరికోస్ వీన్స్‌ను రోగిని నిలబెట్టి చూడాలని వైద్య విద్యార్థులందరికీ నేర్పుతారు. పడుకుంటే ఉబ్బు అణగిపోతుంది. గజ్జ నుంచి మడమ దాకా, ముందూ వెనకా చూడాలి. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడిందా, పుండు పడిందా గమనించాలి. కాలెత్తి సిరలను ఖాళీ చేసి, తొడకు పట్టీ బిగించి, లేపి నిలబెట్టి, కవాటాలు ఎక్కడ చెడ్డాయో కనిపెట్టే పద్ధతి నూరేళ్లకు పైగా ఉంది. ఇవాళ డాప్లర్ స్కాన్ దాన్ని ఇంకా కచ్చితంగా చెబుతుంది. బిగుతు మేజోళ్లు రాసేముందు పాదంలో నాడి చూడాలి. ధమనులు మూసుకుపోయిన కాలికి ఆ మేజోడే ప్రమాదం.

"ఆడవాళ్లు సిగ్గుపడి చూపించరు" అంటారు. తెరలేని గదిలో, వరుసలో ఉన్నవాళ్లంతా చూస్తుండగా చీర ఎవరెత్తుతారు? మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరో స్త్రీ తోడుండడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పత్రం చెబుతోంది. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది. లోపం మన సిగ్గులో లేదు, వాళ్ల గదిలో ఉంది.

నిలబడి పనిచేసేవారికి కూర్చునే వసతి కల్పించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. కేరళ దుకాణాల్లోని స్త్రీలు పోరాడి 2018లో కూర్చునే హక్కు సాధించుకున్నారు. 2021లో తమిళనాడూ చట్టం మార్చింది. కానీ 1923 నష్టపరిహార చట్టం వృత్తి రోగాల జాబితాలో మాత్రం ఈ రోగానికి చోటివ్వలేదు.

కాబట్టి మలాంతో సరిపెట్టుకోవద్దు. తెర కావాలి, తోడు కావాలి, నిలబెట్టి పూర్తి పరీక్ష కావాలి. ఎన్ని గంటలు నిలబడి పనిచేస్తామో ఓపీ చీటీ మీద రాయాలి. పని సంగతి రాయని చీటీ యజమానికే మేలు చేస్తుంది. ఈసారి దవాఖానకు ఒక్కరం పోవద్దు, నలుగురం కలిసి పోదాం.