ఆరోగ్య విషయములు: సోమరితనము గాదు, గ్రంథిలోపము

మా యాడుబిడ్డ మెట్లెక్కలేక, తొడలు పట్టివేయుచున్నవని మొఱపెట్టుకొనగా మేమది సోమరితనమని తలంచితిమి. రక్తపరీక్షలో క్రియాటిన్ కైనేజ్ అను కండరముల ఎంజైము మిక్కిలి హెచ్చియుండుట తెలిసి ఇంటిల్లిపాదియు బెదరితిమి. తుదకు లోపము కంఠమందలి థైరాయిడు గ్రంథిదని తేలెను. ఆ గ్రంథి స్రవించు థైరాక్సిను కొఱవడినచో కండరకణములకు శక్తి చాలదు. వానిలోని ఎంజైము నెత్తురులోనికి జాఱును. అది తొలగుటయు మందగించును.

వైద్యుని యాజ్ఞపై ప్రతిదినము పరగడుపున, కాఫీకి కనీసము అరగంట ముందు మాత్ర సేవింపగా, కొలది మాసములలో ఎంజైము యథాస్థితికి దిగెను. ఇప్పు డామె తానే మెట్లెక్కుచున్నది.

కావున అలసట, మలబద్ధము, చలి కోర్వలేమి, కండరముల నొప్పి గల స్త్రీని నిందింపకుడు; టి.ఎస్.హెచ్. పరీక్ష చేయింపుడు. మేము చేసిన తప్పు మీరు చేయకుందురు గాక!