నాటికను చదవడం ఎప్పుడు నేర్చుకుంటాం?

దిల్‌సుఖ్‌నగర్‌లో తెలుగు నాటక రచయితల పేర్లు తెలియని విద్యార్థి లేడు. 'మా భూమి' కర్తలెవరంటే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. 'పాలేరు' బోయి భీమన్నది, 'ఎన్.జి.ఓ.' ఆత్రేయది, 'మరో మొహెంజొదారో' ఎన్.ఆర్. నందిది. బిట్ పేపర్లో నాలుగు జవాబుల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవడానికి ఇంతకన్న అక్కర్లేదు గనక అతని చదువు అక్కడితో ఆగిపోతుంది. అందులో ఒక్క పేజీ అయినా చదివావా అంటే మనవంక జాలిగా చూస్తాడు. ఒక కుర్రవాడు మటుకు చదవలేదు గాని 'మా భూమి' చూశానన్నాడు. తీరా ఆరా తీస్తే అతను చూసింది గౌతం ఘోష్ తీసిన సినిమా. దానికి ఆధారం కిషన్‌చందర్ నవల గాని మన నాటకం కాదు.

ఈ కుర్రవాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. చైతన్యపురి సందుల్లో ఒక గదిలో నలుగురు సర్దుకుని, పొద్దున ఒక క్లాసు, సాయంత్రం ఒక క్లాసు వింటూ, ఎప్పుడు పడుతుందో తెలియని ఉద్యోగ ప్రకటన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాడికి నవలలు చదివే తీరిక ఎక్కడిది? నేను చెప్పదలచింది ఆ తీరిక లేనివాడి గురించే. నలభై నిమిషాల్లో చదవగలిగిన సాహిత్యరూపం మనకొకటుంది. అది నాటిక. పది నిమిషాల్లో చదవగలిగింది ఇంకొకటుంది. అది ఏకపాత్ర. ఈ రెండింటినీ అతని చేతికివ్వవలసిన వాళ్లం మనం ఇవ్వలేదు. ఉపాధ్యాయులం బిట్లు ఇచ్చాం. పరిషత్తులు షీల్డులిచ్చాయి. మన అభ్యుదయ విమర్శకులు ఏమిచ్చారో నాకు నిజంగా తెలియదు.

పరిషత్తుల సంగతి త్వరగా తేల్చవచ్చు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన నాటినుంచి నాటికను బతికించింది పోటీలే, కాదనడం కృతఘ్నత. కాని బతికించిన చేయే దాని ఒళ్లు వంచింది. ఉత్తమ నటుడికో బహుమతి, ఉత్తమ ఆహార్యానికో బహుమతి అనేసరికి రచయిత ఆ బహుమతులకు సరిపోయే సన్నివేశాలు కుట్టడం మొదలుపెట్టాడు. ముసలి తండ్రి ఏడవాలి, కొడుకు పశ్చాత్తాపపడాలి, తెర పడాలి. ఆ తండ్రికి పింఛనెందుకు లేదో, ఆ కొడుకు ఏ కంపెనీలో ఎన్ని గంటలు పనిచేసి ఇల్లు చేరుతున్నాడో నాటికలో ఉండదు. కన్నీటికి మార్కులున్నాయి గాని కారణానికి లేవు.

మనవాళ్ల జబ్బు వేరు. నాటిక చివర ఉపన్యాసముంటే అది ప్రగతిశీలం, లేకపోతే కాదు. ఈ కొలతతో సఫ్దర్ హష్మీ బృందం వేసిన 'మెషీన్' కూడా నెగ్గేది కాదేమో! 1978 నాటి ఆ వీధి నాటిక పట్టుమని పావుగంట లేదు. సైకిళ్లు పెట్టుకోవడానికి చోటు, టీ తాగడానికి క్యాంటీను, ఆ కార్మికులు అడిగింది ఇంతే; అంతమాత్రానికే తుపాకులు పేలాయి. కోరిక ఎంత చిన్నదో చెప్పడంలోనే యంత్రాంగం ఎంత క్రూరమైనదో తెలుస్తుంది. 1989 జనవరి 1న సాహిబాబాద్‌లో 'హల్లా బోల్' ఆడుతుండగా హష్మీ మీద దాడి చేసినవాళ్లకు, చిన్న నాటిక పెద్ద నాటకానికి మెట్టు మాత్రమేనన్న మన పండితాభిప్రాయం తెలియదు కాబోలు. మరుసటి రోజు ఆయన చనిపోయాడు.

ఒక ఉదాహరణ కొంచెం వివరంగా చూద్దాం. గొల్లపూడి మారుతీరావు 'కళ్లు' నాటిక ఉంది. 1988లో ఎం.వి. రఘు దాన్ని సినిమాగా తీశాడు. ఐదుగురు గుడ్డి బిచ్చగాళ్లు. డబ్బు పోగుచేసి ఒకడికి చూపు తెప్పిస్తారు. చూపొచ్చినవాడు మిగతావాళ్లను మోసం చేస్తాడు. గొల్లపూడి మన శిబిరంవాడు కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఈమధ్య ఒక హాస్టల్ మేడమీద పదిమందిమి కూచుని దీని గురించి మాట్లాడుకున్నాం. ఒక విద్యార్థి, మంచి చురుకైనవాడు, వెంటనే తీర్పు చెప్పేశాడు: ఇది అభివృద్ధి నిరోధక రచన, కిందివాడికి అధికారమొస్తే ద్రోహం చేస్తాడని చెబుతోంది, ప్రజల్లో నిరాశ పెంచుతోంది.

ఈ తీర్పు నేను ఒప్పుకోను. రచయిత ఎవరన్న ప్రశ్నకు జవాబు తెలియగానే రచన ఏమిటన్న ప్రశ్న తీరిపోయినట్టు మాట్లాడడం బిట్ చదువుకు అన్నదమ్ముడే. రచనలో ఉన్నదేమిటో చూడండి. ఆ చూపు ఎవరి డబ్బుతో వచ్చింది? ఐదుగురి డబ్బుతో. వచ్చాక ఎవరిదైంది? ఒక్కడిది. ఉమ్మడి శ్రమతో సంపాదించిన సాధనం ఒకరి సొంత ఆస్తి అయిపోవడం గురించి మనం ఎన్ని సిద్ధాంత తరగతులు పెట్టలేదు? రచయిత ఉద్దేశం మనిషి స్వభావాన్ని తిట్టడమే కావచ్చు. అయినా ఆయన కల్పించిన పరిస్థితి ఆయన ఉద్దేశాన్ని దాటి మాట్లాడుతోంది. బాల్జాక్ రాజరికవాది అని ఎంగెల్స్‌కు తెలియదా? తెలిసే గదా ఆయన దగ్గర నేర్చుకున్నానన్నాడు. ఆ విద్యార్థి నా మాట ఒప్పుకోలేదు. మిగతా నలుగురూ కలిసి ఆ ఒక్కణ్ణి ఎందుకు నిలదీయలేదని అడిగాడు. అది మంచి ప్రశ్న. రచనను అడగవలసిన ప్రశ్నే అడిగాడు గనక అతను అప్పటికే నా దారిలోకి వచ్చాడని నేననుకున్నాను గాని పైకనలేదు.

ఇక ఏకపాత్ర. దీనిమీద మనవాళ్లకున్న అనుమానం ఇంకా గట్టిది: ఒక్కడే రంగం మీద నిలబడి తన గోడు చెప్పుకుంటే అది వ్యక్తివాదం కాదా, సమూహమెక్కడ, సంఘర్షణ ఎక్కడ? ఈ మాట అనేవాళ్లు 'కన్యాశుల్కం' మొదటి రంగం మరొకసారి తెరిచి చూడాలి. గిరీశం ఒంటరిగా మాట్లాడుకుంటున్నాడు. సరుకులు తెస్తానని పూటకూళ్లమ్మ దగ్గర పట్టుకెళ్లిన ఇరవై రూపాయలు ఎట్లా ఖర్చయ్యాయో తనకు తనే చెప్పుకుంటున్నాడు. రంగం మీద ఒక్కడే. కాని ఆ ఇరవై రూపాయలు సంపాదించిన ఆవిడ లేకపోతే అతని మాటల్లో ఒక్కటీ నిలవదు. చెహోవ్ రాసిన పొగాకు ఉపన్యాసంలోనూ అంతే. భార్య నడిపే బడిలో చాకిరీ చేసే మొగుడు ఆమె ఆజ్ఞ మీద వేదికెక్కి, పొగాకు సంగతి వదిలేసి తన బతుకు సంగతి చెప్పుకుపోతాడు. పక్కన తెరచాటున ఆవిడ కనబడగానే మళ్లీ పొగాకులోకి వస్తాడు. ఆవిడ ఒక్క ముక్క మాట్లాడదు. అయినా రంగమంతా ఆవిడదే.

కాబట్టి ఏకపాత్రను చదివేటప్పుడు మాట్లాడేవాడెంత బాగా మాట్లాడాడన్నది రెండో ప్రశ్న. ఎవరు మాట్లాడడం లేదు, ఎందుకు మాట్లాడడం లేదు అన్నది మొదటి ప్రశ్న. వర్గ సంబంధం అక్కడుంటుంది. గొంతులో ఉండదు.

మనకు గొంతే కావాలి. ఎల్.బి. నగర్ దగ్గర ఒక కళాశాల వార్షికోత్సవంలో నేను న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణి. ముగ్గురు దుర్యోధనులొచ్చారు. 1977లో 'దానవీరశూరకర్ణ'లో రామారావు గారు మయసభలో నడిచిన నడక మన పిల్లల్ని ఇప్పటికీ వదల్లేదు. ఇద్దరు అల్లూరి సీతారామరాజులొచ్చారు. ఆరో పాత్రగా ఒక అమ్మాయి వచ్చింది. ఆమె చీరల దుకాణంలో పనిచేసే పిల్ల. ఎదురుగా ఉన్నదనుకున్న కొనుగోలుదారుకు చీర మీద చీర విప్పి చూపిస్తూ, మళ్లీ మడతలు పెడుతూ, మధ్యమధ్య కాళ్లు మార్చుకుంటూ మెల్లగా మాట్లాడింది. కూచోవచ్చునా అని ఎవర్నీ అడగలేదు. ఒకసారి మటుకు వెనక్కి, స్టూలు ఉండవలసిన చోటుకు చూసింది. అక్కడ స్టూలు లేదు. ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద చీర కొన్నవాళ్లెవరికీ ఆ పిల్ల కొత్త కాదు. కొట్లలో పనిచేసేవాళ్లకు కూచునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకోవలసి వచ్చింది. అంత పెద్ద సంగతిని ఆ అమ్మాయి ఒక్క చూపుతో చెప్పింది. మా చేతుల్లోని కాగితంలో వాచికం, ఆంగికం, ఆహార్యం, ఉచ్చారణ అని నాలుగు గడులున్నాయి. గొంతు చిన్నదని వాచికానికి తక్కువ వేశాను. నడక లేదని ఆంగికానికి తక్కువ వేశాను. ఆహార్యానికి అసలేమీ లేదు, మామూలు చుడీదారు. రచనకు గడి లేదు. కూడితే మొదటి బహుమతి రెండో దుర్యోధనుడికి వచ్చింది. కాగితం అట్లా ఉంది, నేనేం చేయను అనుకుంటూ ఇంటికొచ్చాను. ఐదో గడి గీయడానికి నా దగ్గర పెన్ను ఉందన్న సంగతి మెట్రో ఎక్కాక గాని తట్టలేదు.

రవీంద్రభారతికో త్యాగరాయ గానసభకో వెళ్లి నాటిక చూసేవాళ్లు చూస్తున్నారు. ఇటువైపు పిల్లలు అక్కడికి వెళ్లాలంటే పూట పోతుంది. హాలు కట్టండని నేను అడగడం లేదు. హాస్టల్ మేడ చాలు, నాటిక ప్రతి ఒకటి, చదవడానికి నాలుగు గొంతులు చాలు. తనికెళ్ల భరణి 'గార్దభాండం' ఒక వారం, గణేశ్ పాత్రో 'కొడుకు పుట్టాల' ఒక వారం, వినోదిని 'దాహం' ఒక వారం. 'కొడుకు పుట్టాల' చదివినప్పుడు ఎక్కడ నవ్వారో, ఎవరిని చూసి నవ్వారో రాసిపెట్టుకోండి. 'దాహం' చదివే రోజున, నీళ్లు ముట్టుకునే హక్కు ఎవరికుందన్న ప్రశ్న ఊళ్లోనే వదిలేసి వచ్చామనుకునేవాళ్లు తమ హాస్టల్ గదుల కేటాయింపు ఎట్లా జరిగిందో కూడా ఒకసారి చూసుకోవచ్చు. విమర్శ రాసేవాళ్లు ప్రదర్శన బాగుందని నాలుగు వాక్యాలు రాయడం మాని, ఒక నాటికను పట్టుకుని నాలుగు పేజీలు రాయాలి. ఈ పత్రికకే అట్లాంటివి ఎన్ని వచ్చాయో సంపాదకులు లెక్కచూడవచ్చు.

ఆ చీరల దుకాణం ఏకపాత్రను ఇక్కడ అచ్చు వేయిద్దామని ఆ అమ్మాయిని కనుక్కుని అడిగాను. రాసిన కాగితం లేదట. ఫోన్‌లో టైపు చేసుకుని నేర్చుకున్నదట, బహుమతి రాలేదు గదా అని తీసేసిందట. గుర్తున్నంతవరకు మళ్లీ రాసిస్తానన్నది గాని, ఇప్పుడు గ్రూప్స్‌కు చదువుతున్నది, పరీక్షయ్యాక చూస్తానన్నది.